తీసివేసిన గోల

కట్ట సంవత్సరం 41, రోజు 112

ఈ రోజు నాలుగో మోటారు ఆరోగ్యం తొంభై తొమ్మిది శాతం అని నాడి ప్రకటించింది. ఆ సమయానికి నేను ఆ మోటారు పక్కనే నిలబడి ఉన్నాను. లోపల ఎవరో కాలిన పెనం మీద ఉప్పు చల్లుతున్నట్టు చిటపట వినిపిస్తోంది.

నా పేరు బొంతు నూకరత్నం. పొడిపురం పంపుహౌసులో సాక్షి అధికారిని. ఇదివరకు నా ఉద్యోగం పేరు ఇన్సులేషన్ పరీక్షకురాలు. ఇప్పుడు పరీక్షలన్నీ నాడి అనే యంత్రం చేస్తుంది. అది చెప్పింది విన్నానని నేను సంతకం పెడితే చాలు. పొద్దున్నే వచ్చి ఐదు మోటార్ల సెన్సర్ల మీద పేరుకున్న ఉప్పును గుడ్డతో తుడవాలి. ఐదు పచ్చచుక్కలు చూడాలి. ఐదు సంతకాలు పెట్టాలి. చుక్కలు చూడడం ఎలాగో నేర్పడానికి నన్ను రాజధానిలో ఆరు వారాలు ఉంచారు.

మా ఊరు సముద్రమట్టానికి మూడున్నర మీటర్ల కింద ఉంది. వెనకటి పేరు చిత్తడిపాలెం. చుట్టూ కట్ట కట్టాక ప్రభుత్వం గెజిట్‌లో పొడిపురం అని మార్చింది. నీళ్లకు మాత్రం ఆ గెజిట్ అందినట్టు లేదు, కట్ట అడుగు నుంచి ఊరుతూనే ఉంటాయి. ఆ ఊటనూ, వాననూ, మురుగునూ కాలవలోంచి లాగి సముద్రంలోకి ఎత్తిపోసేవి ఈ ఐదు మోటార్లు. ఒక్కొక్కటి చిన్న ఇల్లంత ఉంటుంది. మామూలు రోజుల్లో మూడు తిరుగుతాయి, రెండు వంతులవారీగా సేద తీరుతాయి. తుఫాను వస్తే నాలుగు తిరగాలి. తిరక్కపోతే నలభై వేల మంది మంచాల మీదికి ఎక్కి కూర్చోవాలి, అదీ మంచాలు తేలకుండా ఉంటే.

ఆ చిటపట ఏమిటో నాకు తెలుసు. మోటారు లోపల రాగి చుట్టలుంటాయి. వాటికి అభ్రకం టేపు చుట్టి వార్నిష్ పట్టిస్తారు. కరెంటును తన దారిలో ఉంచేది ఆ పొరే, ఇన్సులేషన్ అంటే అదే. పొరలో ఎక్కడైనా ఆవగింజంత ఖాళీ ఏర్పడితే అందులో కంటికి కనపడని రవ్వలు పుడతాయి, సెకనుకు వందసార్లు. పుట్టినప్పుడల్లా పొరను కాస్త కొరుకుతాయి. అలా కొరుక్కుంటూ ఒక రోజు పొర అవతలికి చేరతాయి. ఆ రోజు మోటారు పేలుతుంది.

ఐదు సంతకాలు పెట్టాను.

రోజు 115

స్టోర్‌రూములో విరిగిన కుర్చీల కింద నా పాత చెవిపెట్టె దొరికింది. మనిషి చెవికి అందని సన్నటి చప్పుళ్లను పట్టి హెడ్‌ఫోనులో వినిపిస్తుంది. నాడి వచ్చిన ఏడాదే దాన్ని జాబితాలోంచి కొట్టేశారు. దానితో నాలుగో మోటారు చుట్టూ తిరిగాను. తూర్పు చివర, చుట్టలు బయటికి వంగే చోట, రేకుల మీద వాన పడుతున్నంత మోత. అక్కడి గాలిలో పిడుగు పడ్డప్పుడు వచ్చే ఘాటు వాసన కూడా ఉంది.

సూపరింటెండెంటు ఓలేటి చక్రపాణి గారి గదికి వెళ్లాను. ఆయన చెడ్డవాడు కాదు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఏ నిర్ణయమూ తీసుకోకుండా ఎవరికీ హాని చెయ్యలేదు. నేను వెళ్లేసరికి రాబోయే పొడి దినోత్సవానికి ఆహ్వానపత్రం దిద్దుతున్నారు.

"సార్, నాలుగో మోటారు లోపల రవ్వలు పుట్టి డిశ్చార్జి అవుతోందండి. ఆపి, మెగ్గర్ వేసి ఇన్సులేషన్ కొలవాలి."

"నాడి ఏమంటోంది?"

"తొంభై తొమ్మిది అంటోంది."

"మరింకేం? పరీక్షలో తొంభై తొమ్మిది వచ్చిన పిల్లని ఆస్పత్రికి తీసుకెళ్తామాండీ?"

"దిద్దినవాళ్లు సగం పేజీలు తిప్పకపోతే ఎవరికైనా వస్తుంది సార్ తొంభై తొమ్మిది."

ఆయన నవ్వారు. "మీరు భలే మాట్లాడతారు రత్నం గారూ. ఎర్రచుక్క రానివ్వండి. వచ్చిన మరుక్షణం నేనే దగ్గరుండి ఆపిస్తాను."

"ఎర్రచుక్క వచ్చేసరికి ఆపడానికి మోటారు ఉండదండి."

"అప్పుడు మనకి ఆపే శ్రమ కూడా ఉండదు కదా," అని మళ్లీ పత్రంలోకి తల వంచేశారు.

రోజు 121

నాడి రోజూ ముప్పై పేజీల నివేదిక పంపుతుంది. మొదటి పేజీలో పచ్చచుక్కలు, రెండో పేజీలో మంత్రిగారి సందేశం. మిగతావి ఎవరూ చదవరు. ఈ రోజు కూర్చుని చదివాను. ఇరవై తొమ్మిదో పేజీ అడుగున చిన్నక్షరాల్లో ఒక వరస కనపడింది. దాని శీర్షిక "తీసివేసిన గోల". ఒకటో మోటారు 310. రెండోది 870. మూడోది 205. నాలుగోది 4,212. ఐదోది 640.

పాత నివేదికలన్నీ దుమ్ము దులిపి నాలుగో మోటారు అంకెలు ఒక కాగితం మీద వరసగా రాశాను. మూడు నెలల కిందట 380. రెండు నెలల కిందట 700. కిందటి నెల 1,650. ఈ పనిలో ఒక్క రోజు అంకె పట్టుకుని ఏమీ తేల్చకూడదు, అది ఎటు నడుస్తోందో చూడాలి. ఇది నడక దాటి పరుగులో పడింది.

కాగితం తీసుకెళ్లి చక్రపాణి గారి ముందు పెట్టాను. ఆయన ఇబ్బందిగా కుర్చీలో కదిలారు.

"నిరుడు మంత్రిగారు వచ్చే ముందు రోజు చుక్కలన్నీ నారింజరంగుకి తిరిగాయి, గుర్తుందా? రాజధాని నుంచి నిపుణులొచ్చి చూసి, అవి మోటార్ల చప్పుళ్లు కావు, చేపల పడవల రేడియోల గోల అని తేల్చారండి. ఆ గోల లెక్కలోకి తీసుకోవద్దని నాడికి నేర్పి వెళ్లారు. అది పడవల గోలేనని నా దగ్గర సర్టిఫికెట్ కూడా తీసుకున్నారు."

"శుక్రవారం పడవలు వేటకి వెళ్లవు సార్. శుక్రవారం అంకె కూడా అంతే ఉంది."

ఆయన చాలాసేపు ఆలోచించారు. "శుక్రవారం తీరిగ్గా పాటలు వింటారేమో," అన్నారు.

రోజు 130

ఎర్రచుక్క పడిన మోటారును ఆపాలంటే ఏడో నంబరు ఫారం ఉంది. పచ్చచుక్క ఉన్న మోటారును ఆపాలంటే ఏ ఫారమూ లేదు. లేని ఫారం కోసం దరఖాస్తు చేసే ఫారం ఉందేమో అని కూడా అడిగాను.

చివరికి రాజధానికి ఉత్తరం రాశాను. అంకెలు, తేదీలు, వాసన, అన్నీ వివరంగా. అక్కడ ఉత్తరాలు చదివేది కూడా నాడియేనని అప్పటికి నాకు తెలియదు. జవాబు గంటలో వచ్చింది:

"మీ ఆందోళన మాకెంతో విలువైనది. దాన్ని శ్రద్ధగా పరిశీలించి గోలగా గుర్తించాము."

అంకె 7,900 దాటింది.

రోజు 138

దినోత్సవం ఇంకా ఎనిమిది రోజులుంది. రాజధాని నుంచి ఆదేశం వచ్చింది. అతిథులు వచ్చేలోగా మోటార్లన్నిటికీ ఆకుపచ్చ రంగు వెయ్యాలట, చుక్కలకు జోడుగా. ఆదేశం వెనక పేజీలో రంగు కంపెనీవాళ్లు రాసిన సూచనలున్నాయి. వేడి ఇనుము మీద రంగు నిలవదు గనక రంగు వేసే యంత్రాన్ని ఆపి, పూర్తిగా చల్లారనివ్వాలి.

ఆ వాక్యాన్ని మూడుసార్లు చదువుకున్నాను. కాగితాన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

"సార్, రంగు పని నాలుగో మోటారుతో మొదలుపెడదామండీ?"

"రంగుకా? మీరా?" చక్రపాణి గారి ముఖం వెలిగిపోయింది. "ఇప్పుడు దారిలోకొచ్చారు. మంచి విషయాల మీద మనసు పెట్టాలండీ మనిషన్నాక."

సంతకం పెట్టేశారు. ఊరిని ముంచబోయే మోటారును ఆపడానికి మూడు వారాలుగా దొరకని అనుమతి, దానికి అలంకారం చెయ్యడానికి అర నిమిషంలో దొరికింది.

రోజు 139

మోటారు ఆగింది. నేను మూడో వీధికి వెళ్లి మస్తాన్‌బీ అక్కను పిలుచుకొచ్చాను. ఆవిడకు అరవై ఎనిమిదేళ్లు. ఈ ఐదు మోటార్ల చుట్టలూ ఒకప్పుడు ఆవిడ చేతుల మీదుగా బిగిసినవే. నాడి రాగానే ఆవిడను ఒక శాలువాతో ఇంటికి పంపేశారు.

మూత విప్పి, టార్చి వేసి చూసి, ఆవిడ నన్ను తిట్టింది.

"ఇన్నాళ్లు ఏం పీకుతున్నావే రత్నం? చూడు, పిండి రాలుతోంది."

ముప్పై ఒకటి, ముప్పై రెండు చుట్టల మధ్య తెల్లటి పొడి. రవ్వలు పొరను తిని మిగిల్చిన బూడిద అది. వేలితో తీస్తే ముగ్గుపిండిలా అంటుకుంది.

"సంతకాలు పెడుతున్నానక్కా," అన్నాను.

ఆవిడ టార్చి నా చేతిలో పెట్టి, కొంగు నడుముకు దోపుకుంది. 

మెగ్గర్ వేశాం. ఇన్సులేషన్ ఎంత గట్టిగా కరెంటును ఆపుతోందో కొలిచే పెట్టె ఇది. మొదటి నిమిషానికి ఒకసారి, పదో నిమిషానికి ఒకసారి చదవాలి. ఆరోగ్యంగా ఉన్న చుట్ట పది నిమిషాలకు రెట్టింపుకు పైగా చూపిస్తుంది. ఇది నిమిషానికి ముప్పై ఆరు, పది నిమిషాలకు నలభై. చెమ్మ పట్టి, మురికి పట్టి, ఒకచోట పూర్తిగా తినేసి ఉంది.

"కొత్త చుట్ట వెయ్యాలంటే నెల పడుద్ది," అంది మస్తాన్‌బీ. "ఎన్నాళ్లు టైముంది?"

"రంగు ఆరేదాకా."

రోజు 143

రంగు ఇంకా మొదలే కాలేదు. ఏ ఆకుపచ్చ అనేది తేలలేదు. చిలకపచ్చ అని రాజధాని, పాచిరంగు అని జిల్లా కార్యాలయం. చక్రపాణి గారు ఉపసంఘం వేశారు. ఉపసంఘం నమూనా కోసం పదకొండు డబ్బాలు తెప్పించింది. వాళ్లు బయట పలకల మీద పదకొండు పచ్చలు పూసి ఎండలో నిలబెట్టి వాదించుకుంటుంటే, మేమిద్దరం మూత చాటున పనిచేసుకున్నాం. ఆ ఉపసంఘంలోని ప్రతి ఒక్కరికీ నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

ముప్పై ఒకటో చుట్టను కోసి వేరుచేశాం. దాన్ని తప్పించి అటుదీ ఇటుదీ రాగిపట్టీతో కలిపి, మస్తాన్‌బీ అక్క టేపు చుట్టింది. ఆవిడ వేళ్లు వణుకుతాయి, కానీ టేపు మీద పడగానే వణుకు ఆగిపోతుంది. ప్రతి పొర ముందు పొరను సగం కప్పుతుంది, ఎక్కడా గీత తేడా లేదు. తర్వాత పొడి అంతా తుడిచి, వార్నిష్ పట్టించి, మూడు రోజులు వేడిగాలి పెట్టాం. పొద్దున వచ్చి చీకటి పడే లోపు ఇళ్లకు పోయేవాళ్లం. హీటర్లు మాత్రం ఆపలేదు.

నన్ను ఒక విషయం పీకుతోంది. నాలుగోది ఆగినందువల్ల మిగతావాటిలో ఒక్కదానికే సేద, రెండో మోటారుకు ఆ వంతు ఇంకా రాలేదు. ఐదు రోజులుగా ఆగకుండా తిరుగుతోంది. ముప్పై పేజీల్లో దాని గోల 870 నుంచి 3,300కి పెరిగింది.

రోజు 145

మెగ్గర్ నిమిషానికి రెండు వందల పది, పది నిమిషాలకు ఐదు వందల నాలుగు. మస్తాన్‌బీ ఆ అంకె చూసి, కొంగుతో ముఖం తుడుచుకుని, "ఒక చుట్ట తక్కువ. నిండా బరువు మొయ్యదు. వాల్వు పావు మూసి తిప్పు, బతుకుద్ది," అంది.

మధ్యాహ్నం పాచిరంగు గెలిచింది. సాయంత్రానికి పైపైన ఒక పూత వేసి పోయారు.

నేను చక్రపాణి గారి దగ్గరికెళ్లి నిజం చెప్పేశాను. మోటారు విప్పామనీ, చుట్ట కోశామనీ, లేకపోతే పేలిపోయేదనీ. రంగు పేరుతో మోసం చేశానని ఆయన అరుస్తారనుకున్నాను. తెల్లటి పొడి ఉన్న పొట్లం విప్పి చూపించాను. దాన్ని వేలితో తాకి, పొట్లం మడిచి సొరుగులో పెట్టుకున్నారు.

"రేపు రెండోది తిప్పకండి సార్. అది కూడా అదే దారిలో ఉంది."

"రేపు ఐదూ తిరగాలి రత్నం గారూ. మంత్రిగారి ముందు కాలవ అడుగు కనపడాలి. కాలవలో అతిథులకి కుర్చీలు వేస్తున్నారు." ఆయన సొరుగుకు తాళం వేశారు. "ఎల్లుండి ఆపేద్దాం. నా మాట."

రోజు 146

పొడి దినోత్సవం.

పొద్దున పదకొండుకు ఐదు మోటార్లూ ఒకేసారి తిరిగాయి. కాలవ నీరంతా పోయి అడుగు బయటపడింది. బురదలో తివాచీ పరిచి, తివాచీ మీద కుర్చీలు వేసి, మా ఊరు ఎంత పొడిగా ఉందో మంత్రిగారికి చూపించారు. కుర్చీలు మెల్లగా కూరుకుపోతుంటే పెద్దలు మోకాళ్లు పైకి పెట్టుకుని చప్పట్లు కొట్టారు.

తర్వాత అందరూ పంపుహౌసుకు వచ్చారు. రెండో మోటారు ముందు ఫొటో. చక్రపాణి గారు దాని ఒంటి మీద చెయ్యి వేసి, "చూడండి, పసిబిడ్డలా పడుకుంది," అని చెబుతున్నారు. నేను చెవిపెట్టె పెట్టుకుని వెనక నిలబడ్డాను. మోత వాన నుంచి వడగళ్లకు మారింది. ఒక్కసారిగా ఆగింది. ఆగడమే భయపెట్టింది.

"తప్పుకోండి! పక్కకి రండి!" అని అరిచాను.

అతిథులు నన్ను కోపంగా చూశారు. చక్రపాణి గారొక్కరే విన్నారు. తన ముందు నిలబడి పొడి గీతం పాడుతున్న సంగీతం టీచరును రెండు చేతులతో పక్కకు తోశారు. అదే క్షణంలో కరెంటు తీగలు మోటారులోకి దిగే పెట్టె పేలింది. దాని మూత ఊడి ఎదురుగోడకు తగిలింది. నీలం మంట ఒక్క రెప్పపాటు కనపడి పోయింది, బ్రేకరు పడి మోటారుకు కరెంటు ఆగింది. పొగ, కాలిన వార్నిష్ కంపు.

టీచరుకు ఏమీ కాలేదు. చక్రపాణి గారి కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది.

ఆయన్ని ఆస్పత్రికి పడవ ఎక్కిస్తుంటే నేను చుక్కల బోర్డు వైపు చూశాను. రెండో మోటారు పచ్చగానే ఉంది. కాసేపటికి అంకె కూడా మారింది. కాలిపోయిన మోటారులో రవ్వలు పుట్టవు కదా, గోల లేదు, వేడి లేదు, అదురు లేదు. ఆరోగ్యం నూటికి నూరు.

రోజు 149

తుఫాను మధ్యాహ్నానికి తీరం దాటింది. మిగిలినవి నాలుగు మోటార్లు, నాలుగూ తిరగాలి. నాలుగోదాని వాల్వు పావు మూసి తిప్పాను.

మస్తాన్‌బీ అక్క తడిసి ముద్దయి వచ్చింది. మూడో వీధిలో ఆవిడ ఇంట్లోకి మోకాలి లోతు వాన నీళ్లొచ్చాయట.

"సామాన్లు ఎత్తి పెట్టావా అక్కా?"

"పెడితే ఏం, పెట్టకపోతే ఏం. ఇది ఆగితే ఎత్తు కూడా మునుగుద్ది." కుర్చీ లాక్కుని నాలుగో మోటారు పక్కన కూర్చుంది. అరచెయ్యి దాని ఒంటికి ఆనించి ఉంచింది, జ్వరం ఉన్నవాళ్ల నుదురు పట్టుకున్నట్టు.

ఐదు గంటల పాటు ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. కాలవ నీరు, గట్టు పొంగే హద్దుగా గీసిన ఎర్రగీతకు జానెడు కింద దాకా పెరిగి అక్కడే నిలబడింది. పెరగదు, తగ్గదు.  ఒక్క మోటారు ఆగినా ఆ జానెడు పది నిమిషాల పని. చీకటి పడబోతుండగా నీరు బెత్తెడు దిగింది. మస్తాన్‌బీ చెయ్యి తీసి, "ఇంక ఏం కాదు పోవే," అంది. అప్పుడు ఏడుపొచ్చింది నాకు.

ఊళ్లో ఎవరూ చనిపోలేదు. పశువులు పోయాయి, మూడో వీధిలో కొన్ని గోడలు పడ్డాయి.

రోజు 163

విచారణ. రాజధాని నుంచి నందివాడ ఉగ్రసేన్ గారనే అధికారి వచ్చారు. బూట్లకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని కూర్చున్నారు.

"పచ్చచుక్క ఉన్న మోటారుని విప్పారా?"

"విప్పానండి."

"జాబితాలో లేని పరికరంతో విన్నారా?"

"విన్నానండి. కొంత నా చెవులతో కూడా విన్నాను."

"అవి జాబితాలో ఉన్నాయా?" ఆయన నవ్వలేదు. గుమాస్తా రాసుకున్నాడు. "మీరు నాలుగో మోటారుని ఆపడం వల్ల రెండో మోటారు మీద బరువు పడిందని అంటున్నారు. నిజమేనా?"

 "కొంత నిజమేనండి. దానికి సేద లేకుండా పోయింది నా వల్లే. రెండింట్లో ఒకదాన్నే కాపాడగలిగాను."

"కాబట్టి నేరం ఒప్పుకుంటున్నారు."

"రెండో మోటారు కాలిపోయిందని మీరు ఒప్పుకుంటారా మరి?"

ఆయన కాగితాలు తిప్పారు. "రెండో మోటారు ఆరోగ్యం నూరు శాతం. కాలినట్టు రికార్డులో లేదు." తర్వాత తీర్మానం చదివారు. నాకు సస్పెన్షన్. మస్తాన్‌బీ మీద అనుమతి లేకుండా టేపు చుట్టినందుకు హెచ్చరిక.

"ఇక్కడ సంతకం పెట్టండి," అని కాగితం చక్రపాణి గారి వైపు జరిపారు.

ఆయన చెయ్యి మెడకు వేలాడుతోంది. తీర్మానం మొదటి నుంచి చివరిదాకా చదివారు. ఇన్నేళ్లలో ఆయన ఒక కాగితం పూర్తిగా చదవగా నేను చూడడం అదే మొదలు.

"ఇందులో నాకూ పచ్చచుక్క పెట్టారేంటండీ? నా చెయ్యి కాలినట్టు కూడా లేదు."

"ప్రమాదమే జరగనప్పుడు చెయ్యి ఎలా కాలుతుందండీ?"

చక్రపాణి గారు లేచి నిలబడ్డారు.  "నిరుడు పడవల గోల అని నేనొక సర్టిఫికెట్ ఇచ్చానండి. అది తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను. నాకప్పుడు తెలీదు అని కూడా అనను, తెలుసుకోవాలనుకోలేదు." ఎడమచేత్తో, చిన్నపిల్లల రాతలాంటి వంకర అక్షరాలతో అదే రాసి, సంతకం పెట్టి, ముందుకు తోశారు.

"దీని వల్ల ఏమవుతుందో తెలుసా మీకు?"

"కూర్చుని ఆలోచిస్తే భయమేస్తుందండి. అందుకే నిలబడ్డాను."

రోజు 165

సర్టిఫికెట్ పోయింది గనక నిబంధన ప్రకారం నాడి గోలను లెక్కలోకి తీసుకోక తప్పలేదు. పొద్దున తొమ్మిదిన్నరకు గడియారం సెంటరులోని పెద్ద బోర్డు మారింది. ఒకటి, ఐదు ఎరుపు. మూడు, నాలుగు నారింజ. పచ్చగా ఉన్నది ఒక్కటే, కాలిపోయిన రెండోది.

పది గంటలకల్లా పంపుహౌసు ముందు మూడు వందల మంది. కొందరు మూటలతో వచ్చారు. ఒకాయన ముందుకొచ్చి, "ఏవమ్మా, పచ్చగా ఉన్న ఆ రెండోదే తిప్పొచ్చు కదా?" అన్నాడు. నేను వాళ్లలో పదిమందిని లోపలికి తీసుకెళ్లి రెండోదాని మూత తీసి చూపించాను. నల్లగా మాడి, కరిగిన రాగి కిందికి కారి గడ్డకట్టి ఉంది.  బయటికొచ్చి మిగతావాళ్లకు వాళ్లే చెప్పుకున్నారు.

ఫోను మోగింది. మంత్రిగారి కార్యాలయం. చక్రపాణి గారు స్పీకరు నొక్కారు.

"ఏమయ్యా, ఊరంతా ఎర్రగా ఉందట? వెంటనే పచ్చ చెయ్యండి."

"చుక్కకి రంగు వెయ్యడం మా చేతిలో లేదండి. కొత్త చుట్టలు పంపడం మీ చేతిలో ఉంది."

అవతల కాగితాల చప్పుడు. ఎవరో ఎవరితోనో గుసగుసలాడారు. ఆ తర్వాత గొంతు మళ్లీ వచ్చింది, ఈసారి చాలా ప్రసన్నంగా.

"రిపోర్టు నా ముందే ఉంది. రెండో మోటారు నూరు శాతం ఉందిగా? దానికి ఏం చేశారో మిగతా నాలుగిటికీ అదే చెయ్యండి. రాతపూర్వకంగా ఆదేశం పంపిస్తున్నాం."

గదిలో ఉన్నవాళ్లం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. మస్తాన్‌బీ అక్క పకపకా నవ్వింది. చక్రపాణి గారు ఫోను పెట్టేసి, కాలిన చేతివైపు ఒకసారి చూసుకుని, నా వైపు తిరిగారు.

"మీ సస్పెన్షన్ కాగితం పోస్టు పడవలో రావాలి. పడవ శుక్రవారం దాకా రాదు. ముందు ఏది విప్పుదామంటారు?"

"ఐదోది."

ఫారం అడగలేదు ఆయన. స్వయంగా వెళ్లి, ఎడమచేత్తో మీట కిందికి లాగి ఐదో మోటారును ఆపారు. బయట జనం ఆ చప్పుడు తగ్గడం విని గొల్లుమన్నారు. ఆయన తలుపు దగ్గరికి వెళ్లి గట్టిగా చెప్పారు: "బాగు చేద్దామనే ఆపానండీ. భయపడకండి. భయపడ్డా ఫర్వాలేదు, నేనూ భయపడుతున్నాను."

మస్తాన్‌బీ బోల్టులు విప్పడం మొదలుపెట్టింది. జనంలోంచి ఇద్దరాడవాళ్లు లోపలికొచ్చి, అడక్కుండానే మూతను చెరోపక్క పట్టుకున్నారు.